ముగ్గురు జ్ఞానతండ్రుల బాట

ఆదివారం పొద్దున్నే ఎవారిస్తో పలోమీనో నున్నగా గడ్డం గీసుకుని, తోలు బూట్లు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి ఇంటి ముందున్న బురదను ఎంతో ప్రేమగా చూసుకున్నాడు. భోజనాల వేళకి అది ఉండదు. వీధి గేటు నుంచి గుమ్మం దాకా కాంక్రీటు బాట ఉంటుంది. దాని మీద పక్కపక్కన ఆరుగురు నడవొచ్చు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

ఆయన తార్మా ఊళ్లో మార్కెట్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ పేరు ముందు "దోన్" అనే గౌరవాన్ని ఆయన వదల్లేదు. బంగాళాదుంపలమ్మే ఆవిడ ఉత్తి "ఎవారిస్తో" అని పిలిస్తే వినపడనట్టు నిలబడేవాడు. చివరికి ఊరంతా విసుగెత్తి దోన్ అనడం మొదలుపెట్టింది. అననిది భార్య తెయోఫిలా ఒక్కతే. బాట పక్కన నిలబెట్టడానికి ఒక పాలరాతి పలక కూడా ఆయన సిద్ధం చేసుకున్నాడు. అక్షరాలు చెక్కిస్తే ఖర్చని బంగారు రంగుతో రాయించాడు: "దోన్ ఎవారిస్తో పలోమీనో గారి కృషితో వెలసిన బాట." ఆ కృషి ఎలాంటిదో ఇప్పుడే చూద్దాం.

తెయోఫిలా అడిగింది వేరే బాట. వంటింటి గుమ్మం నుంచి పెరట్లో బట్టలుతికే తొట్టి దాకా. పోయిన వానాకాలం తడిబట్టల బకెట్‌తో అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ ఆ చేత్తో దుప్పటి పిండలేదు. మళ్లీ వానలు మొదలయ్యాయి.

"పెరట్లో వేస్తే ఎవరు చూస్తారే?" అన్నాడాయన.

"నేను పడ్డప్పుడూ ఎవరూ చూళ్లేదులే" అంది ఆవిడ.

మర్నాడే పాత మంచం చెక్కలు విప్పించి ఆ దారికి రెండు వైపులా పాతింది. మంచి చేత్తో కొంచెం కొంచెంగా కంకర తెచ్చి పరిచింది. కనీసం బూట్లు దిగబడకుండా ఉంటుందని. "ఏమిటది, శవపేటికా?" అని ఎవారిస్తో నవ్వాడు. తన హాస్యానికి తానే ముందు నవ్వడం ఆయనకు అలవాటు. తర్వాత ఎవరూ నవ్వరు కాబట్టి అదీ అవసరమే.

బాప్తిస్మం రోజు బిడ్డకి ఉన్నట్టే, ఆ ఊళ్లో గోడ లేచినా, స్లాబు పడినా దానికొక జ్ఞానతండ్రి ఉండాలి, ఆడమనిషైనా పిలుపదే. ఆయన రిబ్బను కట్టిన సీసాను సుత్తితో పగలగొట్టి పనిని దీవిస్తాడు. మర్యాదకి ముందురోజే సిమెంటు బస్తాలు పంపుతాడు. ఒక పనికి ఒక్కరే జ్ఞానతండ్రి, ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. ఎవారిస్తోకి ఇంకొకటి కూడా తెలుసు. ముగ్గురుంటే సిమెంటు కొనక్కర్లేదు.

అందుకని ముగ్గురిని అడిగాడు. బావమరిది అబెలార్దోని, బడి హెడ్‌మిస్ట్రెస్ జొరైదాని, మునిసిపల్ కౌన్సిలర్ కంచారిని. ఒకరికి తెలియకుండా ఒకరిని, ఒకే మాటతో: "ఈ పనికి మీరు తప్ప నాకెవరున్నారు?" ముగ్గురికీ కళ్లు చెమ్మగిల్లాయి. ముగ్గురి ఇళ్ల నుంచీ బస్తాలొచ్చాయి. ఎనిమిదికి బావమరిదిని, తొమ్మిదికి టీచరమ్మని, పదికి కౌన్సిలర్‌ని రమ్మన్నాడు. ఒకరు సీసా పగలగొట్టి వెళ్లాక ఇంకొకరు వస్తారు, భోజనాల దగ్గర అందరూ కలిసినా అప్పటికి కాంక్రీటు బిగిసిపోయి ఉంటుంది, బిగిసిపోయిన దాని మీద ఎవరు మాత్రం ఏం పోట్లాడతారు అని ఆయన తెలివి.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఊళ్లోనే ఉన్న మనిషి గడియారాన్ని నమ్మాడంటే ఏమనాలి? ఎనిమిదికి రమ్మంటే పదికి వెళ్లడం అక్కడ మర్యాద. ముందే వెళితే తిండి కోసం వచ్చాడనుకుంటారు. అబెలార్దో మర్యాదగా పదికి వచ్చాడు. జొరైదా దారిపొడుగునా అందరి యోగక్షేమాలూ కనుక్కుంటూ పదికి వచ్చింది. జీవితంలో ఏనాడూ వేళకి రాని కౌన్సిలర్ ఆ రోజు సరిగ్గా పదికి దిగాడు, ఆ తర్వాత ఇంకోచోట రిబ్బను కత్తిరించాలి గనక. వెంట బ్యాండుమేళం కూడా తెచ్చాడు.

ముగ్గురూ గేటు దగ్గర కలిశారు.

"ఆ సీసా దేనికి టీచరమ్మా?" అన్నాడు అబెలార్దో.

"బాటకి. మరి మీదో?"

"నాదీ బాటకే."

ఇద్దరూ కౌన్సిలర్ చేతిలో ఉన్న సీసా వైపు చూశారు. అన్నిట్లోకీ దాని రిబ్బనే పెద్దది.

"బావా," అని కేకేశాడు అబెలార్దో, "ఒక్కసారి ఇలా రా."

ఎవారిస్తో వచ్చాడు. చిరునవ్వు చెదరనివ్వలేదు. "పెద్ద పని కదా, పెద్దమనుషులు ఎక్కువమంది ఉండాలి! బాటని మూడు భాగాలు చేద్దాం. మనిషికో భాగం."

"అయితే గేటు వైపు నాది, జనం చూస్తారు" అన్నాడు కౌన్సిలర్.

"గుమ్మం వైపు నాది. ఇంటివాణ్ణి" అన్నాడు అబెలార్దో.

"అంటే నడిమి ముక్క నాకా?" అని లేచింది జొరైదా. "కౌన్సిలర్ గారూ, మీ చేత సంతకం దిద్దించింది ఎవరు?"

"మీరే. మూడో తరగతి రెండుసార్లు తప్పించిందీ మీరే. నేనేం మర్చిపోలేదు!"

ఇంతలో మేస్త్రి ఇపోలితో వచ్చాడు. తగువులంటే ఆయనకి మహా ఇష్టం. అవి సాగినంతసేపూ మొక్కజొన్న కల్లు చీచా గ్లాసులు తిరుగుతూనే ఉంటాయి, నాలుగోది ఆయన చేతిలోనే ఉంది. "దోన్ ఎవారిస్తో, కాంక్రీటు మాలు కలిసిపోయింది. పొయ్యమంటారా?"

"ఆగవయ్యా, పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే!"

బ్యాండువాళ్లకి ఖాళీగా నిలబడటం చేతకాదు, హుషారైన పాటొకటి ఎత్తుకున్నారు. పాట వినపడితే తార్మా జనం కాళ్లు ఆగవు. ఆ ముంగిట్లో చదునుగా ఉన్నది బాట కోసం కొట్టి సిద్ధం చేసిన నేల ఒక్కటే, అందరూ అందులోకే దిగారు. దాని అంచులకి బిగించిన చెక్కలు ఒక్కొక్కటే ఊడిపోయాయి, చదును చేసిందంతా బురదతో కలిసి ముద్దయింది. మేస్త్రి మళ్లీ వచ్చాడు.

"అయ్యగారూ, మాలు బిగుసుకుంటోంది. మిక్సర్ మూలుగుతోంది."

"మూలగనీ!"

"ఇంకాసేపైతే పారకి కూడా రాదు బాబూ. ఎక్కడ పొయ్యమంటారో చెప్పండి."

అప్పటికే జొరైదా ఎవారిస్తో కోటు కాలర్ పట్టుకుని ఉంది. ఆయనకి ఒళ్లు మండింది. "నీకు ఇష్టమొచ్చిన చోట పోసుకో, ఫో!"

వంటింటి కిటికీలోంచి తెయోఫిలా ఆ మాట వింది. అంత మంచి మాట మొగుడి నోట రావడం ఆవిడ ఎప్పుడూ ఎరగదు. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మేస్త్రీ, విన్నావుగా. మాలు బళ్లు ఇటు తోయించు."

"ఎటమ్మా?"

"శవపేటికలోకి."

బళ్లు ఇంటి పక్కనుంచి పెరట్లోకి బారులు తీరాయి. ముంగిట్లో మాత్రం పంచాయితీ తెమిలేలా లేదు. ఆఖరికి గేటుకి అడ్డంగా తాడు కట్టి, మూడు సీసాలూ వేలాడదీసి, ముగ్గురూ ఒక్కసారే కొట్టాలని తీర్మానమైంది. కొట్టారు. గాజుపెంకులన్నీ బాట ఉండాల్సిన చోట బురదలో పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. ఎవారిస్తో పాలరాతి పలకను గుండెలకి హత్తుకుని గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, ఇక పొయ్యి!"

మిక్సర్ ఆగిపోయి ఉంది. కూలీలు దాన్ని కడుగుతున్నారు.

"ఏం పొయ్యాలి అయ్యగారూ?" అన్నాడు మేస్త్రి. "అయిపోయిందిగా. మీరు చెప్పినట్టే చేశాం."

జొరైదా, అబెలార్దో, కౌన్సిలర్, బ్యాండువాళ్లు, ఇంటాయనా అందరూ పెరట్లోకి పరుగెత్తారు. వంటింటి గుమ్మం నుంచి తొట్టి దాకా, మలుపు దగ్గర కాస్త వెడల్పుగా, నున్నటి బాట. తెయోఫిలా ఎడమ చేత్తో దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి అంచున ఆఖరి రాయి పెడుతోంది. పెట్టీ పెట్టగానే వాన మొదలైంది.

"నా సిమెంటు బట్టలుతికే తొట్టి పాలైందా?" అన్నాడు కౌన్సిలర్.

"మా అక్క చెయ్యి విరిగింది ఇక్కడే సార్" అన్నాడు అబెలార్దో. ఆ తర్వాత అతని కళ్లు బావ మీదికి తిరిగాయి. "బావా, ఇన్నాళ్లూ నువ్వు వేయిస్తానన్నది ఈ బాటే అనుకున్నా. వాకిట్లో చదును చేసిన నేల చూశాక గానీ తెలీలేదు."

ఎవారిస్తో పలక వెనక మొహం దాచుకున్నాడు. జొరైదా కురుస్తున్న వానలో తెయోఫిలా చేతిని ఒకసారి పట్టుకుని వదిలింది. కౌన్సిలర్‌కి ఎటు నిలబడితే ఓట్లొస్తాయో వెంటనే తెలిసిపోయింది. "అమ్మా, ఈ బాటకి జ్ఞానతండ్రిని నేనే" అన్నాడు. మళ్లీ తగువు మొదలైంది. తెయోఫిలా మాత్రం వేడివేడి మాంసం, దుంపలు వడ్డించడానికి లోపలికి వెళ్లిపోయింది.

ముంగిట్లో గాజుపెంకుల బురద అలాగే ఉంది, అందులో ఎవరూ అడుగు పెట్టరు. ఎంతటి పెద్దమనిషి వచ్చినా వెనక సందులోంచి, తడిబట్టల కింద తల వంచుకుని, పెరటి బాట మీదుగా వంటింట్లోంచే రావాలి. ఎవారిస్తో కూడా అలాగే వస్తాడు. తొట్టికి బట్టలు రుద్దే రాయి లేదని పాలరాతి పలకని తెయోఫిలా అక్కడ వాలుగా పెట్టించుకుంది. జారకుండా నిలబడి, రోజూ ఆయన చొక్కా కాలర్లు దాని మీదే రుద్దుతుంది. వానాకాలం సగం కూడా కాలేదు, పేరు ముందున్న "దోన్" అప్పుడే అరిగిపోయింది.