కావలెను: సత్ప్రవర్తన గల హంతకుడు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మన దిక్కు ఖైదీల సంస్కరణ నూటికి నూరు పాళ్లు విజయవంతమైనది. శిక్ష అనుభవించి వచ్చినోడు ఒక్కడు కూడా ఇప్పుడు ఖాళీగ లేడు. ఖాళీగ తిరుగుతున్నది శిక్ష పడనోళ్లే. ఈ ఘనత ప్రొబేషన్ ఆఫీసర్ రత్నాకర్‌కు దక్కుతది. అది తనకెట్ల దక్కిందో ఆయనకే చాన రోజులు సమజ్ కాలేదు.

రత్నాకర్ ఆఫీసు చేవెళ్లల ఒక టైర్ల దుకాణం మీద, కిరాయి అర్రల ఉన్నది. జైలు నుంచి ముందస్తుగ విడుదలైనోళ్లు నెలనెలా అక్కడికి వచ్చి సంతకం పెట్టాలె. వాళ్లు మంచిగ బతుకుతున్నరా లేదా చూసి పైకి రాయడం ఆయన ఉద్యోగం. మంచిగ బతకడమంటే ఏందో సర్కారు వివరంగ చెప్పింది: సొంతూర్లె ఉండాలె, కొట్లాటకు పోవద్దు, ఏదన్న పని చెయ్యాలె. పని లేనోన్ని మళ్ల లోపటికి పంపొచ్చు. ఈ నిబంధన బయటోళ్లకు కూడా పెడితే జైళ్లు సరిపోవని ఆయనకు అప్పుడప్పుడు అనిపిస్తది. కానీ ఆయనకు అనిపించినవి పైకి రాయమని ఎవ్వరూ అడగలేదు.

ఎంకపల్లి అంతయ్య ఆయన చేతికి వచ్చిన తాజా కేసు. అంతయ్య వెనకట పొలం గట్టు పంచాయితీల పాలోన్ని, అంటే దాయాదిని, ఒక్క తోపు తోసిండు. ఆ మనిషి పోయి రాయి మీద పడ్డడు, మళ్ల లేవలేదు. యావజ్జీవం పడ్డది. జైలు నర్సరీల గులాబీ అంట్లు కట్టుడు నేర్చుకున్నడు. సర్కారు ఆయనను ఎంత శ్రద్ధగ సంస్కరించిందంటే, బయటికొచ్చేనాటికి చాయ్ తెచ్చేటోడు ఎదురొచ్చినా లేచి నిలబడుతున్నడు. మీద దోమ వాలితే కొట్టడు, ఊదుతడు.

దసరా లోపల పని చూపెట్టకపోతే విడుదల రద్దని పైనుంచి రాసిన్రు. అంతయ్య భార్య నీలవేణి మెట్లెక్కి వచ్చి ఒక్కటే మాట చెప్పి పోయింది. "సారూ, ఒకసారి ఎదురుచూసిన. ఇంకోసారి నాతోని కాదు."

చేవెళ్ల దిక్కు గులాబీ తోటలకేం కొదువ. రత్నాకర్ ఒక పాలిహౌజ్ ఆసామి దగ్గరికి పోయిండు.

"అంట్లు కట్టుడు వచ్చునా?" అన్నడు ఆసామి.

"మీకు నేర్పేటంత వచ్చు."

"మంచిదే. లోపటికెందుకు పోయిండు?"

రత్నాకర్ చెప్పిండు. ఆసామి చేతిల ఉన్న కత్తెరను జేబుల పెట్టుకున్నడు. "ఏమనుకోకున్రి సార్, మాది కత్తెర్లతోని పని" అన్నడు.

చందనవెల్లి దిక్కు ఒక కంపెనీ అంతయ్య వేలిముద్రలు అడిగింది. అవి సర్కారు దగ్గర చాన భద్రంగ ఉన్నయని రత్నాకర్ చెప్పిండు. వాళ్లు మళ్ల ఫోన్ ఎత్తలేదు. ఆదివారం రత్నాకర్ పోయే చర్చిల క్షమాపణ మీద ప్రసంగం అయితున్నప్పుడు ఆయనకు ఆశ పుట్టింది. ప్రసంగం చేసిన సంఘపెద్దనే బయట పట్టుకొని, కాంపౌండ్ల మొక్కలకు నీళ్లు పోసే పనన్న ఇయ్యమన్నడు. సంఘపెద్ద ఆయన భుజం మీద చెయ్యేసిండు. "మేమెన్నడో క్షమించినం బ్రదర్. కానీ గేటు తాళం చెవి ఇయ్యలేం. క్షమాపణ వేరు, తాళం చెవి వేరు."

ఇట్ల మర్యాదస్తులందరు చేతులెత్తేసినంక, ప్రముఖ సంఘసేవకులు, వెంచర్ల యజమాని శ్రీ ప్రభాకర్ తెల్ల బండిల దిగి, తానే మెట్లెక్కి వచ్చిండు.

"రత్నాకర్ సాబ్, మీ దగ్గర మంచి మర్డర్ పార్టీ ఏమన్న ఉన్నదా?"

"దొంగతనం కేసులోళ్లు ఇద్దరున్నరు. పని కోసం చూస్తున్నరు."

"దొంగలొద్దు సార్. దొంగోన్ని గేటు కాడ కూసోబెడితే నన్ను చూసి నవ్వుతరు. మర్డరైతే ఇజ్జత్ ఉంటది."

మొయినాబాద్ రోడ్డుకు ప్రభాకర్ వేసిన కొత్త వెంచర్ల ఫెన్సింగ్ కొంచెం తొందరపడి, పక్కనున్న బీరమ్మ చెల్కను, అందులోని బర్రెల కొట్టాన్ని కూడా లోపటికి తీసుకున్నది. బీరమ్మ రోజూ వచ్చి గేటు ముంగట నిలబడి తిడుతున్నది. ప్లాటు చూడవచ్చినోళ్లు ఆ తిట్లు విని కార్లు మలుపుకొని పోతున్నరు. అందుకని గేటు కాడ కుర్చీ వేసుకొని కూసోనీకి పేరున్న హంతకుడు కావలసి వచ్చిండు. అంతయ్య చేరిండు. "భూ సంరక్షణ రంగంలో ఉపాధి లభించినది" అని రత్నాకర్ పైకి రాసిండు. పైనుంచి అభినందన వచ్చింది.

అయితే ప్రభాకర్ జనంకు ముందుగాల్నే చెప్పిపెట్టిన హంతకుడు వేరు, కుర్చీల కూసున్న అంతయ్య వేరు. బీరమ్మ మొదటి రోజే ఆయనను తేరిపార చూసింది.

"నువ్వు ఎంకపల్లోనివి కాదు బిడ్డా? మీ అవ్వ, నేను కలిసి కలుపు తీసెటోళ్లం."

"అవునవ్వా. ఎండల నిలవడకు, ఇట్ల కూసో" అని అంతయ్య కుర్చీ ఆమెకిచ్చి తను కింద కూసున్నడు. బీరమ్మ కుర్చీల కూసొని సౌలత్‌గ తిట్టింది. నాలుగు రోజులకు గేటు పొడుగునా గులాబీ అంట్లు లేచినయి. వారంకు బర్రె కూడా వచ్చి గేటుకే కట్టేయబడ్డది.

ప్రభాకర్ మళ్ల మెట్లెక్కిండు. "ఇది మోసం సార్. హంతకుడంటే నమ్మి తీసుకపోయిన. మీరు నాకు సాధువును అంటగట్టిన్రు. బర్రెకు గడ్డి ఏస్తున్నడు, నా కండ్లార చూసిన. భయపెడితే ఉంచుకుంట, లేకుంటే దసరాకు ముందే మీ మనిషిని మీరు తీసుకపోన్రి."

రత్నాకర్‌కు నీలవేణి మాట యాదికొచ్చింది. మంచితనం వల్ల మనిషి జైలుకు పోయే పరిస్థితి వస్తే ఏం చెయ్యాలనో సర్కారు ఎక్కడా రాయలేదు. అందుకని ఆయన సొంతంగ ఒక వృత్తి నైపుణ్య శిక్షణా శిబిరం మొదలుపెట్టిండు. ఆఫీసు తలుపు దగ్గరికేసి, అటెండర్ అరుణజ్యోతిని బీరమ్మ లెక్క ఎదురుంగ నిలబెట్టిండు.

"మీసం దువ్వు అంతయ్యా. కండ్లు పెద్దగ చెయ్యి. ఇగ ఉరిమి చూడు."

అంతయ్య చూసిండు.

"సార్, నాకు భయమైతలేదు" అన్నది అరుణజ్యోతి. "ఈయన చూస్తుంటె చాయ్ తాగిపియ్యాలె అనిపిస్తున్నది."

"సారూ, ఇవన్ని మానిపియ్యనీకే నన్ను అన్నేండ్లు లోపట పెట్టిన్రు" అన్నడు అంతయ్య నెమ్మదిగ.

రత్నాకర్ కుర్చీల కూలబడ్డడు. "నిన్ను ఎవ్వరూ భయపెట్టలేదా ఎన్నడన్న? ఆ మనిషి ఎట్ల చూసిండో అట్ల చూడు."

అంతయ్య బల్ల దిక్కు చూసిండు. "ఉన్నడు సారూ. ఏమనుకోనంటె చేస్త."

పోయి రత్నాకర్ బల్ల వెనక నిలబడ్డడు. రత్నాకర్ లేచి జాగ ఇచ్చిండు. అంతయ్య కూసొని, కళ్లద్దాలు లేకున్నా ముక్కు మీదికి జరుపుకున్నడు. తల ఎత్తలేదు. ఒక కాగితం తిరగేసిండు. ఎదురుంగ మనిషి ఉన్నదని తెలిసి కూడా ఇంకొకటి తిరగేసిండు. అట్లనే అడిగిండు: "కాగితం ఉన్నదా?"

అరుణజ్యోతి చేతులు కట్టుకున్నది.

"రేపు రా" అన్నడు అంతయ్య, తల ఎత్తకుంటనే.

అరుణజ్యోతి ఒక అడుగు వెనక్కేసింది. "సార్, ఇది మీరే" అన్నది.

రత్నాకర్ ఏమనుకోలేదు. శిక్షణ సంపూర్ణమైనదని ప్రకటించిండు.

తెల్లారి గేటు కాడ అంతయ్య తల ఎత్తకుంట "కాగితం ఉన్నదా?" అన్నడు. హంతకునికి బెదరని బీరమ్మ ఆ మాటకు బెదిరింది. "బర్రెకు కాగితమేంది బిడ్డా? మీ అవ్వతోని కలుపు..." అన్నది. "రేపు రా" అన్నడు అంతయ్య. తెల్లారి వచ్చింది. నిన్నటి కాగితమేదన్నడు. ఆ తెల్లారి ఇది ఇక్కడ కాదన్నడు. ఎక్కడంటే తల ఎత్తలేదు. తిట్టేటందుకు ఎదుటి మనిషి మొఖమన్న కనపడాలె గద, ఆ మొఖమే కనపడకపాయె. బీరమ్మ కొన్నాళ్లు తిరిగి, బర్రెను అమ్ముకొని, బిడ్డ ఇంటికి పోయింది. దసరాకు ముందే కొట్టం జాగల క్లబ్ హౌజ్‌కు ముగ్గు పోసిన్రు.

శాఖ వారు సభ పెట్టి అంతయ్యకు సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఇచ్చిన్రు. ప్రభాకర్ శాలువా కప్పిండు. పెద్ద అధికారి ఒకాయన ఉపన్యసించిండు. "సోదర సోదరీమణులారా, ఒకనాడు ఈ చెయ్యి మనిషిని తోసింది. ఈనాడు అదే చెయ్యి ఎవ్వరినీ ముట్టుకోకుండానే పంపించగలుగుతున్నది. నాగరికత అంటే ఇదే." అందరు చప్పట్లు కొట్టిన్రు. కొత్త చీర కట్టుకొని ముందు వరుసల కూసున్న నీలవేణి కూడా కొట్టింది.

సభ అయినంక అంతయ్య శాలువా మడిచి చంకల పెట్టుకొని రత్నాకర్ దగ్గరికి వచ్చిండు.

"సారూ, నన్ను మళ్ల లోపటికి పంపున్రి."

"ఏందయ్యా, సర్టిఫికెట్ తీసుకున్ననాడే?"

"బీరమ్మవ్వ ఎల్లిపోయిన కాంచి బువ్వ దిగుతలేదు సారూ. పాలోన్ని కోపంల తోసిన. ఈమెను కోపం లేకుంట తోసిన."

రత్నాకర్ న్యాయంగ ఆలోచించిండు. అంతయ్య సొంతూర్లెనే ఉన్నడు. కొట్లాటకు పోలేదు. పని చేస్తున్నడు. "నువ్వు చేసిన తప్పేందో చెప్పు, రాస్త" అన్నడు.

"రేపు రమ్మన్న సారూ."

"అది తప్పయితే నీకన్న ముందు నన్ను పంపాలె" అన్నడు రత్నాకర్. "తప్పు చేస్తేనే లోపటేస్తరు అంతయ్యా. నువ్వు చేసినదానికి సర్టిఫికెట్ ఇస్తరు. ఇంటికి పో."

అంతయ్య పోయిండు. ఇప్పుడు రత్నాకర్ ఆఫీసు మెట్ల మీద మర్యాదస్తుల లైను ఉంటున్నది. దొంగతనం కేసులోళ్లు ఇద్దరు కూడా శిక్షణ తీసుకొని పనిల చేరిన్రు. పాలిహౌజ్ ఆసామికి గట్టు పేచీ వచ్చింది, అంతయ్యను పది రోజులు ఇయ్యమంటున్నడు. కత్తెర ఊసు ఎత్తుతలేడు. సంఘపెద్ద కూడా వచ్చిండు. చర్చి కాంపౌండును ఆనుకొని ఎవరో గుడిసె వేసుకున్నరట. తాళం చెవి ఆయనే వెంట తెచ్చిండు.

మీరు కూడా ఏదో ఒక ఆదివారం సైట్ విజిట్‌కు వస్తరు. గేటు పొడుగునా గులాబీలు పూసి ఉంటయి, పిల్లలు వాటి కాడ ఫోటోలు దిగుతరు. కుర్చీల కూసున్న మనిషిని చూసి భయపడకున్రి. కారు చూడంగనే లేచి నిలబడి, నమస్తే పెట్టి, గేటు బార్లా తీస్తడు. ఆయన తల ఎత్తనిది మీకు ముందు అక్కడ ఉన్నోళ్లకే. ఆ సంగతి మీకు అక్కడ ఎవ్వరూ చెప్పరు, మీరు కూడా అడగరు. సెక్యూరిటీ మంచిగున్నదని అడ్వాన్స్ ఇచ్చి పోతరు.