రెండో కారుకు సరదా ధ్రువపత్రం

మొదటి కారు ఎందుకని మనిషిని ఏ నాగరికతా నిలదీయదు. రెండో కారు ఎందుకని నిలదీయనిది అసలు నాగరికతే కాదు. ఈ మహత్తర సూత్రం మీదనే మా ఊళ్ళో రెండో వాహన సరదా నిర్ధారణ మండలి నడుస్తోంది. నాలుగంతస్తుల భవనం. లిఫ్టు మూడో అంతస్తు వరకే. (సరదా విభాగం నాలుగో అంతస్తులో ఉంది. అంతవరకూ ఎక్కి వచ్చినవాడిలో ఇంకా సరదా మిగిలి ఉంటే అది అసలైనదేనని మండలి అభిప్రాయం.)

చట్టం చాలా సులువు. ఇంట్లో ఒక కారుండగా ఇంకొకటి కొనాలంటే, అది అవసరానికి కాదు, కేవలం సరదాకేనని రుజువు చెయ్యాలి. అవసరానికైతే ఉన్న కారు ఉంది కదా, వెళ్ళి రమ్మంటారు. సరదాకైతే, ఆ సరదా ఇంట్లో ఎవరికి కలుగుతోందో మండలివారు స్వయంగా బండెక్కి కళ్ళారా చూసి, ఆ మనిషి పేరు మీద ధ్రువపత్రం రాసిస్తారు. ఆ మనిషి లేకుండా బండి గేటు దాటకూడదు.

ఆ మనిషి నేనే కావాలని నా కోరిక. నేను బీమా కంపెనీలో నష్టాలు అంచనా వేసే ఉద్యోగిని. ఎక్కడ ఏది విరుగుతుందో, ఏది కాలుతుందో, ఎవరు ఏ మెట్టు మీద జారిపడతారో ముందుగా ఊహించి రాయడం నా పని. ఇంట్లో ఉన్న కారు బూడిదరంగుది. నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ, కిరాణా సంచులు మొయ్యడంలో దానికి సాటి లేదు. నాదంటూ ఉన్న ప్రతి వస్తువూ ఏదో ఒక పనికొస్తుంది. గొడుగు పనికొస్తుంది, నిచ్చెన పనికొస్తుంది, ఆఖరికి నా పాత చొక్కాలు కూడా కిటికీలు తుడవడానికి పనికొస్తున్నాయి. పనికిరానిది ఒక్కటి, చచ్చేలోగా ఒక్కటంటే ఒక్కటి నాకుండాలని మహా కోరికగా ఉండేది.

బండి ఎంచే బాధ్యత మా బావమరిది నెత్తినేసుకున్నాడు. అతనికి కారు లేదు, లైసెన్సు లేదు. వీడియోలు చూసిన అనుభవం మాత్రం అపారం.

"బావా, కూపే అంటే రెండే తలుపులుండాలి. నాలుగున్నాయా, అది కారు కాదు, సంసారం," అన్నాడు.

"వెనక సీటుంటుందా?"

"ఉంటుంది. కూర్చోడానికి కాదు."

"మరెందుకు?"

"ఉందని చెప్పుకోడానికి."

నా జీతానికి అందే పాత స్పోర్ట్స్ కూపేలు ఊరంతా గాలిస్తే మూడు దొరికాయి. మొదటిది బయట తళతళలాడిపోతోంది. లోపల కూర్చుని కాలు పెడితే తిన్నగా రోడ్డు తగిలింది. "గాలి బాగా ఆడుతుంది బావా," అన్నాడు బావమరిది. రెండోదాన్ని స్టార్టు చెయ్యగానే వీధి చివర ఎవరో తలుపులు వేసుకున్నారు. అమ్మేవాడు ధర సైగలతో చెప్పాడు. కాదని నేనూ సైగలతోనే చెప్పాను.

మూడోది రిటైరైన పళ్ళ డాక్టరుగారిది. ఎర్రటి బండి. దాని హెడ్‌లైట్లు బానెట్లో దాక్కుని, స్విచ్చి నొక్కినప్పుడు పైకి లేస్తాయి. కుడిది లేచింది. ఎడమది లేవలేదు. దాంతో బండి మావైపు చూసి నిక్షేపంగా కన్ను కొట్టింది.

"ఇది బాగుచేయించలేదేం డాక్టరుగారూ?"

"చేయిస్తే మామూలు కారైపోతుందండీ," అన్నారాయన.

నేను పడిపోయాను. ఇంకో మాట లేదు. నా వయసులో నన్ను చూసి ఎవరైనా కన్ను కొట్టి ఎన్నాళ్ళయిందో!

"శుక్రవారం దాకా ఆగుతాను," అన్నారు డాక్టరుగారు. "ఆలోగా మీకు ధ్రువపత్రం రాకపోతే కాఫీ హోటల్ వాళ్ళు తీసుకుపోతారు. సగానికి కోసి, వెనక ముక్కని సోఫా చేస్తారట."

"మత్తిచ్చి కోస్తారా అండీ?" అన్నాడు మా బావమరిది. డాక్టరుగారికి కళ్ళు చెమర్చాయి.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ, "కొనుక్కోండి. మీకు కోపం ఎలాగూ రాదు, సరదా అయినా రానివ్వండి," అంది. మాతోనే ఉంటున్న మా అత్తగారు మాత్రం చేతిలో గరిటె అలాగే పట్టుకుని వంటింట్లోంచి వచ్చారు.

"ఉన్న కారు కడిగే దిక్కు లేదు, ఇంకో కారా! ఏం పోయేకాలం బాబూ ఇది? రెండు తలుపుల కారు కొని ఊరేగితే నలుగురూ నవ్విపోరూ?"

"నలుగురు పట్టరమ్మా అందులో," అన్నాడు బావమరిది. గరిటె అటు తిరిగింది.

మర్నాడే మండలికి వెళ్ళాను. అవసరం కౌంటర్లో కూర్చున్నావిడ తలెత్తకుండా అడిగింది.

"ఈ బండి మీకు అవసరమా?"

"కాదండీ."

"అవసరం లేనప్పుడు ఎందుకు?"

"సరదాకండీ."

"సరదా మీకు అవసరమా?"

అవునంటే అవసరం కిందికి వస్తుంది, దరఖాస్తు పోతుంది. కాదంటే సరదా లేదని తేలుతుంది, అప్పుడూ పోతుంది. ఎర్రబండి నా కళ్ళముందే సోఫా అయిపోతోంది. వెనకాల వరసలో ఉన్న పెద్దమనిషి నా చెవిలో, "దగ్గండి," అన్నాడు. దగ్గాను. టప్‌మని ముద్ర పడింది. (ఆ ప్రశ్నకు దగ్గడమే సరైన జవాబని నియమావళి అనుబంధంలో స్పష్టంగా ఉంది. అనుబంధం ఇంకా అచ్చు కాలేదు.)

శుక్రవారం పొద్దున్నే డాక్టరుగారు బండి మా ఇంటిముందు పెట్టి, తాళాలు నా చేతికిచ్చి, చూడలేనని వెళ్ళిపోయారు. ఆ వెనకే సరదా నిర్ధారణాధికారి వచ్చాడు. ఈ ఉద్యోగానికి సరదా అంటే బొత్తిగా తెలియనివాళ్ళనే తీసుకుంటారు. తెలిసినవాళ్ళయితే పక్షపాతం చూపిస్తారని భయం. జేబులోంచి నవ్వు కొలిచే పట్టీ తీసి, మడత విప్పి, చివర్లు సరిచూసుకున్నాడు.

"పళ్ళు కనపడని నవ్వు లెక్కలోకి రాదు," అని ముందే హెచ్చరించాడు. "మొదట వెనక సీటు పరీక్ష. ఇంట్లో పెద్దవారెవరు?"

అందరం అత్తగారి వంక చూశాం.

"ఆవిడ వెనక సీట్లోకి వెళ్ళి బయటికి రావాలి. సులువుగా వచ్చేస్తే ఇది కూపే కాదు."

"రాలేకపోతే?"

"అప్పుడు కూపే."

"ఛీ ఛీ, నేనెక్కను," అన్నారు అత్తగారు. అధికారి దరఖాస్తు మూసెయ్యబోయాడు. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, ఆవిడ నిట్టూర్చి చేతిసంచీ ముందు లోపలికి విసిరారు. ముందు సీటు మడిచి పట్టుకున్నాను. తల వెళ్ళింది, భుజం వెళ్ళింది, మధ్యలో కాసేపు చర్చ జరిగింది, ఆఖరికి మనిషంతా వెళ్ళారు. ఒక చెప్పు బయటే ఉండిపోయింది. ఇక రావడం మొదలుపెట్టారు. రాలేదు. నేను చెయ్యి పట్టుకుని లాగాను, బావమరిది అటునించి తొయ్యబోయి తిట్లు తిన్నాడు.

"కూపే," అని రాసుకున్నాడు అధికారి, తృప్తిగా. "ఇంకో ఇంట్లో తనిఖీ ఉంది నాకు. ఆవిణ్ణి అలాగే ఉండనివ్వండి, సామాను కింద లెక్కేస్తాను. పదండి."

బావమరిది చెప్పు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మేం బయల్దేరాం.

ఎన్నేళ్ళుగానో కలగన్న క్షణం అది. ఇంజను గుర్రుమంది. ఎడమవైపు ఎక్కడో టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు వినపడింది. అది బేరింగయితే చక్రం ఊడుతుంది. ముందు లారీలో అద్దాలున్నాయి, తాడు వదులుగా కట్టారు. వేడి చూపించే ముల్లు ఇందాకటికన్నా రవ్వంత పైన ఉంది. స్పీడు బ్రేకరు మీద బండి పొట్ట గీసుకుపోయింది, నా పొట్ట కూడా గీసుకున్నట్టయింది.

"నవ్వండి," అన్నాడు అధికారి.

"నవ్వుతున్నానండీ."

"ఇది నవ్వు కాదు. మీకెక్కడో నొప్పిగా ఉంది."

ఏటి పక్క రోడ్డు ఖాళీగా దొరికింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని గేరు మార్చి తొక్కాను. బండి ఎగిరి ముందుకు దూకింది. మలుపులో నడుం విరగ్గొట్టుకునేలా తిరిగింది. వెనకనించి "హమ్మో!" అని కేక వినపడింది. పెద్దావిడ, పాత సీటు, బెల్టు ఏ కాలంనాటిదో! అద్దంలోకి చూశాను.

అత్తగారు నవ్వుతున్నారు.

"ఆ మలుపు ఇంకోసారి తిప్పండి బాబూ!"

తిప్పాను. వంతెన కింద చీకటిగా ఉందని లైట్లు వేశాను. కుడిది ఒక్కటే లేచింది. అవతలివైపు నిలబడ్డ ట్రాఫిక్ పోలీసాయన మమ్మల్ని చూసి టోపీ సర్దుకున్నాడు.

"కన్ను కొట్టింది! పోలీసాయనకి కన్ను కొట్టింది!" అత్తగారు ముందు సీటు మీద దబదబా బాదుతూ విరగబడి నవ్వారు. ముడి ఊడిపోయింది, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. "మీ మావగారే ఉంటే, మెల్లగా పోనీ, మెల్లగా పోనీ అని ప్రాణం తీసేవారు! పోనివ్వండి, ఇంకా పోనివ్వండి!"

అధికారి సీటులో పూర్తిగా వెనక్కి తిరిగాడు. పట్టీ చాచి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"పట్టీ చాలలేదు," అన్నాడు.

ఇంటికొచ్చాక ధ్రువపత్రం బానెట్ మీదే పెట్టి రాశాడు. తొంగి చూశాను. సరదా కలిగిన వ్యక్తి అన్నచోట అత్తగారి పేరుంది.

"అయ్యా, కల నాదండీ!"

"కలలు మా శాఖ కిందికి రావు."

"తోలింది నేను కదా!"

"అవును. మీరు లేకపోతే బండి కదలదు. అంటే మీరు అవసరం. అవసరమైనవన్నీ ఉపకరణాల కింద రాస్తాం," అని ఓపిగ్గా వివరించి, ముద్ర వేసి వెళ్ళిపోయాడు. ఎర్రబండి సోఫా కాకుండా బతికింది. ఆ సంగతికి సంతోషించాను, అబద్ధమెందుకు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నయితే చాలు, అత్తగారు నల్ల కళ్ళజోడు పెట్టుకుని మెట్ల మీద సిద్ధంగా ఉంటారు. ముందు సీట్లో కూర్చోమంటే ససేమిరా అంటారు. "అక్కడ కుదుపు తెలీదు బాబూ," అంటారు. నేను తోలుతూ టిక్కు టిక్కు వింటూ ఉంటాను. ఎర్రదీపం పడి ఆగినప్పుడల్లా అద్దానికి అంటించిన ధ్రువపత్రం ఎదురుగా కనపడుతుంది. ఉపకరణాలు: స్టెప్నీ ఒకటి, జాకీ ఒకటి, అల్లుడు ఒకటి. మూడోదాని పక్కన అధికారి తన చేత్తో చిన్న అక్షరాల్లో రాశాడు: పాతది, పనికొస్తుంది.