రడీకియోకు క్షవరం

ఆ ఉదయం కళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, పక్కింటి పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడం, ఆసుపత్రికి వెళ్లడం.

పక్కిల్లు ఆయన తోడల్లుడిది. అతను పళ్ల డాక్టరు. ఏదో శిక్షణ పని మీద భార్యతో సహా ఊరెళ్తూ, గేటు తాళం కళ్ల డాక్టరు చేతిలో పెట్టాడు. "అన్నయ్యగారూ, నా రడీకియో మొక్కల్ని మీకే ఒప్పజెబుతున్నా. శీతాకాలం సగమయ్యేదాకా రాలేం. మిమ్మల్ని తప్ప ఇంకొకర్ని నమ్మను."

అసలు ఈ రడీకియో గొడవ మామగారితో మొదలైంది. ఏదో హోటల్లో తిన్నారట. చూడ్డానికి చిన్న ఎర్ర కాబేజీలా ఉంటుంది, నోట్లో పెడితే చేదు. ఆ చేదు ఆయనకు తెగ నచ్చింది. విత్తనాల పొట్లం కొని అల్లుళ్లిద్దరికీ చెరిసగం పంచి, "ఎవరు బాగా పెంచుతారో చూస్తా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కళ్ల డాక్టరు మాత్రం నవ్వలేదు.

ఇప్పుడు గోడకు ఇటు ఆయన మొక్కలు జబ్బుపడి లేచినవాళ్లలా ఉన్నాయి. అటు తోడల్లుడివి విసనకర్రలంత ఆకులు వేసుకుని ఊగుతున్నాయి.

"మా మరిది చెయ్యి అలాంటిదండీ. ఏం పెట్టినా లేచి కూచుంటుంది" అంది భార్య, వంటింటి కిటికీలోంచి చూస్తూ. కాఫీ సగంలోనే వదిలేసి కళ్ల డాక్టరు పక్కింటికి నడిచాడు.

లోపల కాబేజీలా గడ్డ కట్టిందో లేదో చూద్దామని ఒక మొక్కకు రెండు ఆకులు కత్తిరించాడు. గడ్డ లేదు, ఇంకా ఆకులే. ఇంకో రెండు తీశాడు. ఆ పక్క బోసిగా కనిపించింది. సమంగా ఉంటుందని ఈ పక్కా కత్తిరించాడు. ఇటు ఎక్కువైంది. అటు మళ్లీ కొంచెం. చివరికి మొదలు మాత్రం మిగిలింది. ఒక్కటే గుండుతో ఉంటే పట్టుబడిపోతానని దాని పక్కదాన్నీ సరిచేశాడు. ఆ పక్కదాన్నీ. మొదటి మొక్క దగ్గర గోడవైపు రెండుసార్లు చూశాడు. మూడోదాని దగ్గర కాస్త హాయిగా అనిపించింది. చివరిదాని దగ్గరికొచ్చేసరికి ఈల వేస్తున్నాడు.

"ఏమండీ! అక్కడేం చేస్తున్నారు?" భార్య గొంతు గోడ దాటి వచ్చింది.

చేతికందిన బక్కెట్టు తీసి ఒక మొదలు మీద బోర్లించాడు. తర్వాత ఒక తొట్టి, దాని తర్వాత పూలకుండీ.

"చలికి... చలికి కప్పుతున్నా!"

"మరి మనవాటికో?"

"మనవి ఎలా పోతే ఏం? నమ్మి అప్పజెప్పినవి ముందు చూడాలి కదా."

భార్య కళ్లు చెమర్చాయి. వెంటనే చెల్లెలికి ఫోను చేసింది. "మీ బావగారు మా మొక్కల్ని చలికి వదిలేసి మీవాటిని కప్పుతున్నారే!" చెల్లెలు మొగుడికి చెప్పింది, మొగుడు మామగారికి చెప్పాడు. సాయంత్రం మామగారే ఫోను చేశారు. "పెద్దల్లుడుగారూ, అల్లుడంటే మీరేనండీ! వాళ్లు వచ్చిన రోజు నేనూ వస్తా. అందరం కలిసి ఆ ఆకు తిందాం."

పెళ్లయిన ఇన్నేళ్లలో మామగారి నోట ఆ మాట రావడం అదే మొదలు. మింగుడు పడలేదు.

ఇక మూతలు తీయడానికి లేదు. మిగతా మొక్కలకూ మూతలు భార్యే గోడ మీంచి అందిస్తుంటే ఆయన చప్పున బోర్లించాడు. ఇంట్లో బక్కెట్లన్నీ పక్కింటికి పోయాయి. కళ్ల డాక్టరు పాలగిన్నెతో స్నానం చేయడం అలవాటు చేసుకున్నాడు. ఆసుపత్రి చెత్తబుట్టలు కూడా వెళ్లిపోవడంతో రోగులు వాడిన దూది జేబుల్లో పెట్టుకుని వెళ్తున్నారు. డాక్టరు రోజూ అద్దం ముందు నిలబడి, "పురుగు కొట్టేసింది తమ్ముడూ" అని సాధన చేసేవాడు. పురుగు అంత తిన్నగా ఎలా కొట్టిందని అద్దంలో మనిషి అడుగుతున్నట్టే ఉండేది.

ఆ రోజు రానే వచ్చింది. మొక్కల చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. ముందు వరసలో మామగారు.

"తమ్ముడూ, ఒక మాట... పురుగు..."

తోడల్లుడు బక్కెట్టు ఎత్తేశాడు. కింద పిడికిలంత గడ్డ. ముదురెరుపు, మధ్యలో తెల్లటి ఈనెలు, రేకు మీద రేకు బిగిసి ఉంది. రెండో మూత కిందా అదే. ప్రతి మూత కిందా అదే.

"అన్నయ్యగారూ! ఆకులు మొదలంటా కోసి, చీకట్లో ఉంచితే గడ్డ కడుతుందని మొన్ననే అక్కడొకాయన చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయిందనుకున్నా. మీకెలా తెలిసింది?"

"చూడగానే తెలిసిపోతుంది కదా" అన్నాడు కళ్ల డాక్టరు, నేల చూపులు చూస్తూ.

"మావయ్యగారూ, ఇందులో నా గొప్పేం లేదు. విత్తనం వేశానంతే. పేరంతా అన్నయ్యగారిదే."

మామగారు ఆ మాటకు కరిగిపోయారు. "విన్నారా? ఇంకొకరి కష్టాన్ని ఇలా నలుగురిలో ఒప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? పెద్దల్లుడుగారిది మంచి చెయ్యే, కాదనను. చిన్నల్లుడుగారి మనసు మాత్రం బంగారం!"

భార్య కూడా తలూపింది. కళ్ల డాక్టరు లోలోపల లెక్క చూసుకున్నాడు. కత్తెర తనది, బక్కెట్లు తనవి, పాలగిన్నె స్నానాలు తనవి. పేరు మాత్రం మళ్లీ గోడ అవతలికే పోయింది.

భోజనాల దగ్గర మామగారు చేదాకు నములుతూ తీర్పు చెప్పారు. వచ్చే ఏడాది నుంచి రెండు పెరళ్ల పనీ పెద్దల్లుడుగారే చూసుకోవాలి.

చిన్నల్లుడు పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.