వెంట్రుకవాసి తేడా

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మాయి గీసిన పెన్సిల్ బొమ్మల మీద పెద్దనాన్న సిరా గీతలు వేస్తాడు. అమ్మాయి కాసేపు పడుకుంటుంది. మధ్యాహ్నం ఆ కట్ట కాలేజీకి పట్టుకెళ్తారు, సాయంత్రం అందరి ముందూ బొమ్మ కదులుతుంది. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా చోటు కనబడదు. చోటు లేకపోయినా తప్పు చేయగలిగిన కుటుంబం అది.

అమ్మాయి చదివేది యానిమేషన్. చేత్తో గీసిన బొమ్మలతో ఒక చిన్న సినిమా తీసి చూపిస్తే గానీ పట్టా ఇవ్వరు. పోయినేడు సినిమా పూర్తి కాక ఏడాది కాస్తా పోయింది. ఈసారీ పోతే చదువు మానేసి నాన్న జిరాక్స్ షాపులో కౌంటర్ దగ్గర కూర్చోవాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు. బెదిరించి చెప్పినా బాగుండేది, అలసిపోయి చెప్పారు. కథ కూడా పెద్దదేమీ కాదు. ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎవరో ఆగి ఆగి మూడుసార్లు తలుపు కొడతారు. తలుపు తీయడానికి ఆయన లేచి నిలబడతాడు, అంతే. తలుపు కొట్టడం దాకా అయిపోయింది, లేవడమొక్కటే మిగిలింది. ఆ లేవడాన్ని గీసి గీసి అమ్మాయి మణికట్టు వాచింది. గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో పళ్లు తోముకుంటోంది.

సిరా పని పెద్దనాన్నకు అప్పగించమన్నది అమ్మ. బావగారి చెయ్యి ఖాళీగానే ఉందిగా అంది. ఆ మాట నిజం. ఆయన సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేసి రిటైరయ్యాడు. కింద బల్బు వెలిగే అద్దం బల్ల మీద అసలు పటం పరిచి, పైన పల్చటి కాగితం వేసి, గీత మీద గీత దించడం ఆయన ఉద్యోగం. ఆయన దించిన నకలుకీ అసలుకీ వెంట్రుకవాసి తేడా ఉండదని ఆఫీసులో చెప్పుకునేవారు. ఎక్కువగా ఆయనే చెప్పుకునేవాడు. రిటైరయ్యాక ఆ చేతికి వంటింటి డబ్బాల మీద చీటీలు రాయడం తప్ప వేరే పని దొరకలేదు. పిల్ల తనను పిలిచి పని చెప్పిందని, ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

అమ్మాయి నిలబడే నిద్రపోతూ వివరించింది. కాగితాల అంచున ఉన్న చిల్లులు బల్ల మీది మేకులకు సరిగ్గా తగిలించాలి. వరస తప్పకూడదు. పెన్సిల్ గీత మీదే సిరా పోవాలి. ఇక్కడితో ఆపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

"ఒక్కో కాగితానికీ తేడా చూసుకో పెద్దనాన్నా. అసలు సంగతంతా ఆ తేడాలోనే ఉంది" అంది.

"తేడా సంగతి నువ్వు నాకు చెప్పాలా? వెళ్లి పడుకో" అన్నాడాయన.

ఆ పిల్ల చదువులో తేడా అంటే ప్రాణం. బొమ్మ ఒక్కో కాగితం మీద రవ్వంత జరిగితేనే కదా తెర మీద కదిలేది. ఆయన ఉద్యోగంలో తేడా అంటే మెమో. ముసలాయన కథేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. బొమ్మలు కదిలించే పని కాలేజీలో ఏదో యంత్రం చూసుకుంటుందని ఆయన నమ్మకం.

మొదటి కాగితం ముత్యంలా వచ్చింది. దాని మీద రెండోది తగిలించి చూస్తే ముసలాయన తల కొంచెం కిందికి ఉంది. పాపం, నిద్రకళ్లతో గీసినట్టుంది అనుకుని, మొదటిదాని ప్రకారం సర్దేశాడు. మూడోదాంట్లో ఇంకాస్త దిగింది. అనుమానం వచ్చి కట్టంతా తిరగేశాడు. పోను పోను మనిషి ముందుకు ఒరిగిపోతున్నాడు. కట్ట సగం దాటేసరికి నడుం కుర్చీ వదిలేసింది. అడుగు కాగితంలో ఏకంగా లేచి నిలబడ్డాడు. సర్వీసంతా ఎంతోమంది జూనియర్ల చెయ్యి జారడం చూశాడు గానీ, మనిషి కుర్చీ దిగిపోయేంత జారుడు ఆయన ఎక్కడా చూడలేదు. పిల్ల ఎంత అలసిపోయిందో తలుచుకుంటే ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింట్లో ఉన్న అమ్మను సైగ చేసి పిలిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, రెండు కాగితాలు కిటికీ అద్దానికి ఆనించి వెలుతుర్లో చూసింది. చూసి నిట్టూర్చింది.

"ఒకే బొమ్మని ఇన్నిసార్లు గీసింది బావగారూ. ఒక్కసారీ కుదరలేదు పాపం."

దాంతో ఆవిడా రబ్బరు పట్టుకుని కూర్చుంది. ఆవిడ చెరుపుతుంటే ఆయన మొదటి కాగితాన్ని కింద పెట్టుకుని దించుతున్నాడు. పనిలో పడితే ఆయనకు ఒళ్లు తెలియదు. ఎన్నో ఏళ్ల తర్వాత తనతో ఈ ఇంటికి అవసరం పడిందన్న సంతోషంతో మెడనొప్పి కూడా మరిచిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి నాన్న వచ్చాడు. సంగతి విని, ఇంతోటి దానికి ఇంత శ్రమ ఎందుకు, మొదటి బొమ్మను ఇస్తే మీ భోజనాలయ్యేలోగా షాపులో కావలసినన్ని జిరాక్సులు తీసి తెస్తానన్నాడు. పెద్దనాన్న మొహం మాడిపోయింది. ఆఫీసులో ట్రేసర్ల పోస్టులు ఎత్తేసింది ఆ జిరాక్స్ మిషన్ వచ్చాకే. అన్నదమ్ములిద్దరూ ఆ పాత గొడవ మళ్లీ తవ్వుకున్నారు. నిద్రపోయే పిల్ల లేస్తుందని మొత్తం గుసగుసల్లోనే పోట్లాడుకున్నారు. చివరికి నాన్న ఓడిపోయి, తన వంతు సాయంగా కాలేజీ మాస్టారికి ఫోన్ చేశాడు. అమ్మాయికి కొంచెం తేడా చేసిందని, కళ్లో చెయ్యో ఇంకా తెలియడం లేదని, ఇంటిల్లిపాదీ కూర్చుని సర్దుతున్నామని చెప్పాడు. మాస్టారు అయ్యో అని, అలాగైతే పడుకోనివ్వండి, తర్వాత చూద్దాం అన్నారు. మంచి మనిషని నాన్న మెచ్చుకున్నాడు. మాస్టారి లెక్కలో తర్వాత అంటే వచ్చే ఏడాదని ఆయనకు తట్టలేదు.

ఆఖరి కాగితం ఆరుతుండగా అమ్మాయి లేచి వచ్చింది. గీతలు చూసి మొహం వెలిగింది. కట్ట అంచు బొటనవేలితో పట్టుకుని జరజరా వదిలింది. మళ్లీ వదిలింది. కట్టను తిరగేసి వదిలింది.

"పెద్దనాన్నా, ఈయన లేవట్లేదేంటి?"

"ఇంకెక్కడ లేస్తాడమ్మా. గట్టిగా కూర్చోబెట్టాం" అన్నాడాయన, ఒళ్లోని రబ్బరు పొడి దులుపుకుంటూ.

అమ్మాయి అరిచినా బాగుండేది. అరిచే ఓపిక లేక నేల మీద చతికిలబడింది. చిత్తు కాగితాలు కొన్ని తీసుకుని, వాచిన చేత్తోనే ఒక్కోదాని మూల ఒక్కో బంతి గీసి, ఆయన చేతికిచ్చి వదలమంది. బంతి ఎగిరింది. ఆయన మళ్లీ వదిలాడు. మళ్లీ ఎగిరింది. తను సర్దింది పిల్ల చేతి జారుడు కాదు, పిల్ల పడ్డ కష్టమంతా తుడిచేశానని అప్పటికి తలకెక్కింది. అమ్మ చేతిలోని రబ్బరును మెల్లగా వీపు వెనక దాచింది. పెద్దనాన్నకు ఎక్కడైనా మొహం దాచుకోవాలనిపించింది గానీ, ఇల్లు చిన్నది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

"సరే, పోనీ పెద్దనాన్నా. ఉన్నదే పట్టుకెళ్దాం. పూర్తయిందని అనిపించుకుంటే చాలు" అంది. ఆ పోనీ అనడం ఆయనకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

నలుగురూ కాలేజీకి వెళ్లారు. తీరా చూస్తే జాబితాలో అమ్మాయి పేరు కొట్టేసి ఉంది. ఒంట్లో బాగాలేదని మీ నాన్నగారే ఫోన్ చేశారు కదా అన్నారు మాస్టారు. నాన్న పైకప్పు వైపు చూశాడు. మాస్టారు పొద్దుటి నుంచి సినిమాలు చూసి చూసి వడిలిపోయి ఉన్నారు. అయినా తనకన్నా వడిలిపోయిన నాలుగు మొహాలు, గుడ్డ చుట్టిన చెయ్యి చూసి కాదనలేక, అందరికన్నా ఆఖర్న చూస్తానన్నారు. కెమెరా గదిలో పెద్దనాన్న ఒక్కో కాగితమే అందిస్తుంటే అమ్మాయి ఫొటోలు తీసి, ముందు భాగానికి అతికించింది.

హాల్లో చీకటి పడింది. తోటి పిల్లల సినిమాల్లో గుర్రాలు పరుగెత్తాయి, పిల్లులు కొట్టుకున్నాయి, ఒకడు ఏకంగా మేఘాల దాకా ఎగిరాడు. ఆఖర్న అమ్మాయి ముసలాయన వచ్చాడు. ఎవరో తలుపు కొట్టారు. ఆయన కూర్చునే ఉన్నాడు. మళ్లీ కొట్టారు. అయినా కూర్చునే ఉన్నాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దనాన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందా అని కళ్లు తెరిచాడు. తెర మీద ముసలాయన ఊరికే కూర్చుని లేడు. భుజాలు సన్నగా వణుకుతున్నాయి. గుండె మీది చొక్కా పైకీ కిందికీ ఆడుతోంది. కుర్చీ చేతి మీద వేళ్లు లేద్దామా వద్దా అన్నట్టు అదురుతున్నాయి. మూడోసారి తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. ఆయన విన్నాడు, లేవలేకపోయాడు. తర్వాత తెర నల్లబడింది.

దీపాలు వెలిగాక ఆ వణుకు ఎలా గీశావని మాస్టారు అడిగారు. అమ్మాయికి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేసింది. తను గీసింది వేరే అని, సిరా వేసిన పెద్దనాన్న ఒకే బొమ్మను అన్నిసార్లూ దించాడని చెప్పి తల దించుకుంది.

మాస్టారు చాలాసేపు కళ్లు నులుముకున్నారు.

"పొద్దుటి నుంచీ ఇక్కడ అందరూ ఎగురుతూనే ఉన్నారమ్మా. లేచే ఓపిక లేనిది ఈయనొక్కడికే. అందుకే ఈయన్ని నేను నమ్మాను" అన్నారు. సిరా ఎవరు వేసినా తప్పులేదని, చివర్లో పేర్లు వేసేటప్పుడు పెద్దనాన్న పేరు మరిచిపోవద్దని చెప్పి పాస్ చేశారు.

ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ దారి పొడుగునా కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. షాపులో కౌంటర్‌కి ఇక ఇంకెవర్నో చూసుకోవాలని నాన్న గొణుక్కున్నాడు. ఆ గొణుగుడులో సంతోషం దాచినా దాగలేదు. పెద్దనాన్న మాత్రం తన కుడిచేతి వేళ్లనే చూసుకుంటూ నడుస్తున్నాడు. తన పేరు తెర మీద పడుతుందని పొంగిపోతున్నాడేమో అనుకుంది అమ్మాయి. ఇప్పుడు ఆయన మీద కోపమేమీ లేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఆ వణుకు కెమెరాదే కదూ?" అని అడిగాడాయన.

"కాదు పెద్దనాన్నా. నీ గీతదే. కాగితం కాగితానికీ వెంట్రుకవాసి జరిగింది. చేత్తో దించితే ఎవరికైనా జరుగుతుందిలే."

ఆయన ఆగిపోయాడు. వీధికి రెండు పక్కలా ఉన్న ప్రహరీ గోడల వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఈ మాట ఇంకెక్కడా అనకమ్మా. ఈ ఊళ్లో స్థలాల హద్దులన్నీ నేను దించినవే."