తేనెటీగల గడ్డం మీద నిషేధాజ్ఞ

ఒక పెద్ద అడవిలో, మే ఇరవై ఏడు, శుక్రవారం, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారు. అడవిలో రోళ్లుండవు గనుక ఆ రోజు బండలు పగిలాయి. ఆకు కదల్లేదు.

ఆ మధ్యాహ్నం ఎలుగుబంటి జాంబయ్య మద్దిచెట్టు కింద నిలబడి, తొర్ర వైపు చూస్తూ గుటకలు మింగుతున్నాడు. తొర్రలో తేనెపట్టు. ఆ ఏడు అడవి విరగబూసింది, తేనెటీగల సంసారం పెరిగింది, ఇల్లు చాలలేదు. లోపల ఉక్కకు మైనం కరిగిపోతుందేమోనని సగం ఈగలు బయటికొచ్చి, ఒకదాని కాలు ఒకటి పట్టుకుని, గుమ్మానికి గడ్డంలా వేలాడుతున్నాయి. మనుషులు వేసవిలో అరుగు మీద పడుకోరూ? అదే.

ఆ గడ్డం దాటి తొర్రలో చెయ్యి పెట్టేదెలా అన్నదే జాంబయ్య బెంగ. నిరుటి అనుభవాన్ని అతని ముక్కు ఇంకా మరిచిపోలేదు. అన్నట్టు, అతను అడవి సభలో శాంతిభద్రతల సభ్యుడు.

తిన్నగా సభామందిరానికి వెళ్లాడు. మందిరమంటే చల్లటి గుహ. పూర్వం గబ్బిలాలది, ప్రజాప్రయోజనం కోసం వాటిని వెళ్లగొట్టారు. ఆ ప్రయోజనమేమిటో ఇంకా తేలలేదు గాని, మధ్యాహ్నం నిద్ర మాత్రం బాగా పట్టేది.

"ప్రభూ! మద్దిచెట్టు దగ్గర ధర్నా!"

మృగరాజు ఒక కన్ను తెరిచాడు. "ఏమిటట వాళ్ల కోరికలు?"

"చెప్పడం లేదు ప్రభూ. అదే నా భయం."

"తోపులాట జరిగిందా?"

"అబ్బే, కదలకుండా వేలాడుతున్నారు. ఎంత పట్టుదల లేకపోతే అలా ఉంటారు చెప్పండి?"

"అదీ నిజమే. ఏదో ఒకటి రాసుకురావయ్యా, వేలిముద్ర వేస్తాను."

'నలుగురికి మించి ఎక్కడా గుమిగూడరాదు' అని రాశాడు జాంబయ్య. సభలో మనమే ఏడుగురం కదా అని తోచి, 'సభామందిరంలో తప్ప' అని తగిలించాడు. ముందుచూపు గలవాడు.

గుమాస్తా నక్క వెళ్లి మద్దిచెట్టు కింద దండోరా వేశాడు. తేనెటీగల పెద్దరాణి గుమ్మంలోకి వచ్చింది.

"లోపల పిల్లలు ఉడికిపోతున్నారు నాయనా. మేం బయటికొచ్చింది గాలికి, గొడవకు కాదు."

"గాలికి నా అభ్యంతరం లేదు రాణీగారూ. నలుగురు పీల్చుకోండి, మిగతావాళ్లు లోపలికి."

"మేమంతా ఒక్కచోట ఉండటానికి చట్టం ఒప్పుకునే జాగాయే లేదా?"

నక్క ఆజ్ఞ మళ్లీ చదివాడు. "సభామందిరం ఉందండి."

"చల్లగా ఉంటుందా?"

"కూర్చుంటే నిద్రొస్తుంది."

తేనెటీగల్లో ఓ ఆచారముంది. ఇల్లు ఇరుకైతే గడప దాటేది కూతురు కాదు, తల్లి. మర్నాడు పొద్దున్నే పెద్దరాణి సగం సంసారంతో ఝుమ్మంటూ వచ్చి, సరిగ్గా సింహాసనానికి పైన, గుహ కప్పుకు వేలాడింది. సభ మొత్తం ఎండలోకి పరుగెత్తింది.

బయట నక్క చేతులు కట్టుకుని అన్నాడు: "అయ్యా, తమరు ఏడుగురున్నారు. చెదిరిపోవాలి."

"నేను రాజునయ్యా!"

"మినహాయింపు మందిరానికుంది ప్రభూ. తమకు లేదు."

ఈ సందట్లో జాంబయ్య మెల్లగా మద్దిచెట్టు దగ్గరికి జారుకున్నాడు. గడ్డం లేదు. గుమ్మంలో నాలుగంటే నాలుగే ఈగలు. "చట్టమంటే ఇదీ!" అని మురిసిపోయి తొర్రలో చెయ్యి పెట్టాడు.

నాలుగూ కుట్టి తప్పుకున్నాయి. మరో నాలుగు వచ్చాయి. అవీ కుట్టి తప్పుకున్నాయి. తర్వాతి నాలుగు వరసలో ఉన్నాయి.

"ఒరేయ్ నక్కా! పట్టుకోరా వీళ్లని!"

నక్క రొప్పుతూ వచ్చి, వేలు పెట్టి లెక్కపెట్టాడు. "నలుగురే ఉన్నారండి."

చివరికి తొర్ర, అందులోని తేనె కూతురు చిన్నరాణికి దక్కాయి. గుహ పెద్దరాణికి దక్కింది. మృగరాజుకు ముగ్గురితో కూర్చునేపాటి నీడ దక్కింది. జాంబయ్యకు వాపు దక్కింది. గబ్బిలాలకు మాత్రం ఏమీ రాలేదు. వాటిని ఎవరూ అడగనూ లేదు.

నీతి: చట్టం రాసేవాడు మినహాయింపును గదికి కాదు, తన ఒంటికి రాసుకోవాలి.