వంతెన దాకా రాని గుర్రాలు

కొట్టుకు సెలవు కావడంతో బట్టల షావుకారు పొద్దున్నే ఒక లెక్క వేసుకున్నాడు. బావమరిది ఆటకు వస్తాడు. కాసేపటికి లాడ్జి మేనేజరు కర్టెన్ గుడ్డ ఆర్డరు ఖాయం చేయడానికి వస్తాడు. లాడ్జి గదులన్నిటికీ కర్టెన్లంటే ఈ సీజను గట్టెక్కినట్టే. ఇద్దరికీ కలిపి ఒకేసారి టీ పెట్టిస్తే పాలూ కలిసొస్తాయి.

ఆటంటే పేకాట కాదు, పాతకాలపు రాజుల యుద్ధం. భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, నీలం రిబ్బనును నదిగా వేసి, వేలెడేసి సీసపు సైనికుల్ని టేపుతో కొలిచి నడిపిస్తూ, పాచికలేసి పోరాడాలి. షావుకారు పెళ్లయిన కొత్తలో బావాబావమరుదులిద్దరికీ ఇదే లోకం. షావుకారు కొట్టు పెట్టాక సైన్యాలు అటకెక్కాయి. ఇన్నేళ్లకు మళ్లీ దింపారు.

నదిని, దాని మీద వంతెనను షావుకారు గుర్రాలకు మూడడుగుల దూరంలో బావమరిదే కొలిచి వేశాడు. గుర్రపు దళం ఒక్కో వంతుకు ఒక అడుగు పోవచ్చు. మూడోసారి జరిపేసరికి వంతెన షావుకారుది కావాలి. వంతెన ఎవరిదైతే గెలుపు వాళ్లదే.

షావుకారు మూడోసారి కూడా జరిపాడు. గుర్రాలు వంతెనకు ఇవతలే ఆగిపోయాయి.

"నేను చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు వెనక్కి జరిపావు కదూ?"

"నాకేం పని బావా! ఇన్నేళ్లు అటక మీద కూర్చున్నాయి, ఆయాసం వచ్చుంటుంది."

బావమరిది నవ్వుతూ అన్నాడు. అమ్మేవాడు ఊరికే నవ్వితే సరుకును తిరగేసి చూడాలని షావుకారుకు తెలుసు. ఆట మళ్లీ మొదలుపెట్టించాడు. ఈసారి తన వంతు నడుస్తున్నంతసేపూ బావమరిది చేతులు కట్టుకుని కూర్చోవాలని షరతు. అయినా గుర్రాలు అక్కడికే వచ్చి ఆగాయి.

గుడ్డముక్క పట్టుకుని భార్య అటుగా వెళ్లింది. ఆవిడ వాడికి స్వయానా అక్క. లెక్క అక్కడ కుదిరింది.

"బల్లేమైనా తుడిచావా?"

"మీ యుద్ధం జోలికి నేనెందుకొస్తానండీ? కాకపోతే మధ్యాహ్నం కంచాలు ఎక్కడ పెట్టాలో చెప్పండి, నదిలోనా?"

మిగిలింది కుర్చీలో పేపరు చదువుతున్న అత్తగారు. "మీ ఊతకర్ర పొరపాటున తగిలిందా అత్తయ్యా?"

"తగిలితే మీకే తగిలేది అల్లుడుగారూ."

ఒకే కుటుంబం, ఒకే మాట. షావుకారు ఫ్యాను ఆపేశాడు. కిటికీలు మూసేశాడు. తలుపు గడియ వేశాడు.

"సీసపు గుర్రాల్ని గాలి తోస్తుందా బావా?"

"ఈ ఇంట్లో గాలిని కూడా నమ్మను."

అంతలో మేనేజరు తలుపు తట్టాడు. గడియ తీసేసరికి లోపల నలుగురూ చెమటతో తడిసి ఉన్నారు.

"ఏంటండీ, దొంగలు పడ్డారా?"

"పడక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నారు. మీరు బయటి మనిషి, న్యాయం చెప్పండి. నేను కొలుస్తాను, దగ్గరుండి చూడండి."

మేనేజరు బల్ల మీదికి వంగాడు. షావుకారు టేపు కొసను బొటనవేలితో అదిమి పట్టి, వేలి ముందు అంచును గుర్రాలకు ఆనించి, చకచకా లాగి అడుగు కొలిచాడు. వేలి కింద పోయిన ముక్క అడుగు లెక్కలో కలిసింది, గుర్రాలు మాత్రం అంత మేర నడవలేదు. రెండోసారీ అంతే. మూడోసారి వంతెన ముందు మూడు బొటనవేళ్ల ఖాళీ మిగిలింది.

"చూశారా?"

"చూశానండీ," అన్నాడు మేనేజరు నెమ్మదిగా. "కొట్లో కూడా ఇలాగే కొలుస్తారా?"

"ఇన్నేళ్లుగా ఇదే చెయ్యి!" అన్నాడు షావుకారు గర్వంగా. అన్నాక తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"కిందటిసారి మీ గుడ్డతో కుట్టించిన కర్టెన్లు పొట్టిగా వచ్చాయని మా టైలర్ని మానిపించేశాం. పాపం, ఎంత మొత్తుకున్నాడో." మేనేజరు చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"కాస్త టీ తాగి వెళ్లండి," అంది భార్య.

"వద్దమ్మా, అదీ సగమే వస్తుందేమో."

షావుకారు బావమరిది మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు మొదట్నుంచీ చూస్తూనే ఉన్నావా?"

"చూశాను. శత్రువు తక్కువ నడుస్తుంటే ఎవడైనా చెప్తాడా బావా? ఇప్పుడు వేలు తీసి కొలువు."

వేలు తీసి కొలిచాడు. షావుకారు గుర్రాలు వంతెన ఎక్కాయి, ఆర్డరు గేటు దాటింది.