రాజుగారి పట్టుబడి తేదీ

బుధవారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే అచ్యుతరామరాజుగారు నిర్ణయం తీసేసుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున పెద్ద చెరువులో రొయ్యలు పట్టించాలి, ఆ సంగతి మూడో కంటికి తెలియకూడదు. తెలిసిందా, భీమవరం చుట్టుపక్కల ప్రతివాడూ అదే రోజు పట్టిస్తాడు, ధర పడిపోతుంది. ఏడాది పంట ఆ ధర మీదే ఉంది.

చెరువుల వివరాలన్నీ ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు నాగవల్లి చేసిన ఫోన్ యాప్‌లో ఉంటాయి. వలవాళ్లూ, లారీవాళ్లూ, ఊళ్లోవాళ్లూ తేదీలు చూసుకునేది అందులోనే. ఆ పిల్ల కాలేజీ పాఠంలో నేర్పినట్టే కాగితం మీద ఒక గడి గీసి, పైన ‘చెరువు’ అనీ, కింద ‘పట్టుబడి తేదీ’ అనీ రాసింది.

"తేదీ ముందు గుర్తు పెట్టాలి నాన్నగారూ. ప్లస్ అయితే పబ్లిక్, అందరికీ కనపడుతుంది. మైనస్ అయితే ప్రైవేటు, ఈ గడి దాటదు. హ్యాష్ అయితే ప్రొటెక్టెడ్, దీనికీ, దీని కింద మనం చేర్చిన వారసులకీ మాత్రమే."

"మైనస్ పెట్టెయ్. ఆలోచించేదేముంది!"

"వలవాళ్లకి కూడా కనపడదండి. వాళ్లకి చెప్పడానికి ఒక పబ్లిక్ దారి ఉంచాలి."

"దారీ వద్దు, గీరీ వద్దు."

గురువారం తెల్లారేసరికి గట్టు మీద రాజుగారొక్కరే ఉన్నారు. వలవాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే, ఐసు లారీ డ్రైవరు జయపాల్ తునిలో ఇడ్లీ తింటున్నాడు.

"యాప్‌లో తేదీ ఖాళీగా ఉంటే వేరే కిరాయికి వచ్చేశానండి, ఆయ్."

రాజుగారు తగ్గే మనిషి కాదు. ఇంటికొచ్చి, "శనివారానికి మార్చి హ్యాష్ పెట్టు. వారసులంటే మనవాళ్లేగా! వలవాళ్లనీ, జయపాల్‌నీ, మీ మావయ్య శ్రీనివాసరాజునీ చేర్చు" అన్నారు.

"మా తమ్ముణ్ణి చేర్చి మీ అక్కగారిని వదిలేస్తే ఊరుకుంటారా అండీ?" అంది వంటింట్లోంచి భార్య వరలక్ష్మమ్మ.

అక్కగారిని చేర్చాక ఆవిడ వియ్యంకులు అలుగుతారు. వియ్యంకుల్ని చేర్చాక వాళ్ల బావలు. రాజుల ఇళ్లల్లో ఎవర్ని కదిపినా చుట్టమే అవుతారు. సాయంత్రానికి నాగవల్లి వేళ్లు నొప్పెట్టాయి.

శనివారం గట్టు పొడవునా కార్లే. అంతమందికీ తేదీ తెలిసింది, అంతమందీ అదే వేకువన తమ చెరువులూ పట్టించారు. రాజుగారు పట్టిస్తున్నారంటే ఏదో విశేషం ఉండే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఎండెక్కేలోగా ధర కుప్పకూలింది. పైగా వచ్చిన చుట్టాల్ని భోజనం పెట్టకుండా పంపలేరు కదా, మంచి మంచి రొయ్యలన్నీ వరలక్ష్మమ్మ ఇగురులోకి వెళ్లిపోయాయి. విస్తళ్ల వంక చూస్తుంటే రాజుగారికి ఏడుపొచ్చింది.

మిగిలింది చిన్న చెరువు. "ప్లస్ పెట్టు. ఊరంతా చూసుకోనీ!" అన్నారు మండిపోతూ.

ఊరంతా చూసింది. శ్రీనివాసరాజు అందరికీ ఫోన్లు చేసి ఆపాడు. "మా బావగారు బయటపెట్టిన తేదీ అసలు తేదీ ఎలా అవుతుందండీ? మనల్ని బోల్తా కొట్టించడానికే!"

ఆ రోజు వల పడింది రాజుగారి చెరువులోనే. జయపాల్ లారీ ఒక్కటే వెళ్లింది, ధర అదిరిపోయింది.

"చూశావా అమ్మాయ్! దాచాలంటే ప్లస్సే పెట్టాలి" అన్నారు రాజుగారు మీసం దువ్వుకుంటూ.

పరీక్షలో అలా రాస్తే సున్నా వేస్తారని నాగవల్లి ఆయనకి చెప్పలేదు.